తుపాకి నోట్లో ఆకుపచ్చ గుడ్డ

ఖిల్లా ఘణపూర్,
10 నవంబర్ 2024.

దోస్తు బాబు మియాకు కురుమయ్య రాసేది.

నీకు ఫోన్ చేసి లాభం లేదని నీ కొడుకు ఉవైస్ మళ్లీ చెప్పాడు. "అబ్బాకు గిప్పుడు పక్కన బాంబు పేలినా ఇనవడదు కాకా" అని నవ్వాడు వెధవ. మా సరిత తన ఫోన్‌లో రాసి పంపిస్తానంది కానీ, మన మాటలు కూతురి చేతుల మీదుగా పోవడం నాకు నచ్చలేదు. వనపర్తి బడిలో పక్కపక్కన కూర్చుని ఏడో తరగతి దాకా చదివిన చదువు ఇప్పటికైనా పనికిరానీ అని కాగితం తీశాను. వనపర్తి బస్టాండులో పార్సిల్ ఇస్తున్నాను. అందులో ఒక స్ప్రింగు, ఒక తోలు వాచరు, వాటికి చుట్టిన ఈ ఉత్తరం ఉంటాయి.

జాతరల్లో మనం నడిపిన బెలూన్లు కొట్టే దుకాణంలో మిగిలిన ఒకే ఒక్క గాలి తుపాకిని గోడ మీద నుంచి దించాను. ఈదమ్మ పోయి తొమ్మిది నెలలైంది కదా, దాన్ని ముట్టొద్దనే మనిషి లేదు. ఈసారి గుట్ట కింది చేనులో పల్లీ వేశాను. ఖిల్లా మీది కోతులన్నీ మా చేను మీదే పడుతున్నాయి. హనుమంతుడి జాతిని చంపే పాపం నాకెందుకని ఛర్రా గుండు పెట్టకుండా ఉత్తగానే పేలుస్తున్నాను. చప్పుడు బాగా రావాలని గొట్టంలో కొబ్బరినూనె కూడా పోశాను. మొదట్లో పొగ, మోత అదిరిపోయాయి. పది రోజులకే దమ్ము తగ్గి ముసలాడి దగ్గులా అయింది. విప్పి చూస్తే స్ప్రింగు పొట్టిదయింది, వాచరు చిట్లింది. నువ్వు చూసి కొత్తవి పంపు.

ఇంకో మాట. జాతరలో దుకాణం కట్టేసేటప్పుడు ఈదమ్మ ఏం చేసేదో గుర్తుందా? ఒక్కో తుపాకిని నడుము దగ్గర సగం మడిచి, ఆ మడత నోట్లో గుడ్డ పేలిక కుక్కేది. గుడ్డ పెట్టిన తుపాకి మూసుకోదు, పేలదు, ఎవరి చేతిలో పడినా భయం లేదు. దుకాణం మూతపడ్డాక ఇంట్లో గోడ మీద కూడా దాన్ని అలాగే ఉంచింది. నేను దించిన రోజు ఆ గుడ్డ తీసి పారేశాను. ఇప్పుడు రోజూ పొద్దున చేను దగ్గరి గుడిసెకు వెళ్లేసరికి తుపాకి సగం మడిచి ఉంటోంది, నోట్లో గుడ్డ ఉంటోంది. సరిత పనే అయి ఉంటుంది. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది!

నీ
కురుమయ్య

---

గద్వాల,
18 నవంబర్ 2024.

కురుమన్నకు సలాం.

పార్సిల్ అందింది. ఆ స్ప్రింగు చూసి నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లు నా పక్కన దుకాణం నడిపావు, ఇంత కూడా నేర్చుకోలేదా?

ఉత్తగా పేల్చకూడదు. ముందర ఛర్రా ఉంటేనే గాలి కాస్త అడ్డం పడి లోపలి దిమ్మెను మెల్లగా ఆపుతుంది. ఛర్రా లేకుంటే దిమ్మె నేరుగా పోయి ఇనుముకు గుద్దుకుంటుంది. వాచరు చిట్లింది అందుకే. కొబ్బరినూనె అసలే వద్దు. లోపల వేడికి అది అంటుకుని కాలుతుంది. నువ్వు మురిసిపోయిన పొగ, మోత అవే. కొత్త వాచరును రెండు రోజులు నూనెలో నానబెట్టి పంపుతున్నాను, తుడిచి బిగించు. స్ప్రింగుకు గ్రీజు వేలితో రాసినంత చాలు. గొట్టం మడిచే చోట బోల్టు వదులైతే పావు తిప్పు బిగించు, అంతకు మించొద్దు. చప్పుడు కావాలంటే తడి కాగితం ఉండచుట్టి ఛర్రా బదులు పెట్టు. కోతికి దెబ్బ తగలదు, తుపాకికీ నొప్పి ఉండదు.

ట్రిగ్గర్ భాగం విప్పొద్దు. దాని జోలికే పోవద్దు. అసలు తుపాకి మొత్తం నాకు పంపితే మంచిది. ఒకసారి అన్నీ చూసి పంపుతాను. విడి సామాన్లు పంపితే పని సగమే అవుతుంది.

మా ఇంటామె హసీనా నిన్ను, సరితను అడిగానని రాయమంది. గుడ్డ సంగతి సరితనే అడుగు. ఏ రంగు గుడ్డ అది?

నీ
బాబు

---

ఖిల్లా ఘణపూర్,
3 డిసెంబర్ 2024.

మియా,

నీ స్ప్రింగు బిగించాను. అబ్బ, ఏం దమ్ము! తడి కాగితం పెట్టి కొడితే ఖిల్లా గోడకు తగిలి చప్పుడు తిరిగొస్తోంది. కోతులు కోటలోకి పరుగు. తుపాకి మొత్తం పంపమంటావు, పంపితే వారం రోజుల్లో నా పల్లీ చేను బోడి అవుతుంది. కోతలు అయ్యాక చూద్దాం.

సరితను అడిగాను. "నేనెందుకు జేస్త నాయనా? దాని దగ్గరికి పోవాలంటేనే నాకు గుండె దడదడ అంటది" అంది. అబద్ధమాడే పిల్ల కాదు. అయినా నమ్మకుండా, తుపాకిని ఇంటికి తెచ్చి జొన్నలు పోసే ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. పొద్దున తీస్తే జొన్నల మీద తుపాకి సగం మడిచి ఉంది, నోట్లో గుడ్డ. జొన్నల మీద పడుకోబెట్టినట్టు చుట్టూ గుంట పడి ఉంది.

రంగు అడిగావు కదా, ఆకుపచ్చ. మెత్తటి నూలు. బొటనవేలంత వెడల్పున చించి, నాలుగు మడతలు వేసి ఉంది. ఈదమ్మ మడత అదే. ఆమె ఆ పేలికలన్నీ బిస్కెట్ డబ్బాలో దాచుకునేది, నీకు తెలుసు. ఆ డబ్బాను నేనే, ఆకు వక్కల సంచితో పాటు, ఆమెను మట్టి చేసిన రోజు పక్కన పెట్టాను. నా చేతులతో పెట్టాను మియా. మట్టి కూడా నేనే వేశాను.

నిన్న గొట్టానికి నూనె రాసి తుడవకుండా వదిలేశాను. పొద్దున దాని మీద వేలి ముద్రలు కనబడ్డాయి. బొటనవేలు ఒకవైపు, ఇంకోవైపు ఉంగరపు వేలు, చిటికెన వేలు. మధ్యలో రెండు లేవు. ఈదమ్మ కుడి చేతికి ఆ రెండు వేళ్లు లేవన్న సంగతి నీకు నేను గుర్తుచేయక్కర్లేదు.

నాకు భయం లేదు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి భయపడితే నవ్విపోతారు.

కురుమయ్య

---

గద్వాల,
12 డిసెంబర్ 2024.

కురుమన్నకు,

గొట్టాన్ని మూసి పట్టే గోళీ అరిగితే అది దానంతట అదే కొంచెం తెరుచుకుంటుంది. చలికి ఇనుము ముడుచుకుంటుంది కాబట్టి పొద్దున ఎక్కువగా కనబడుతుంది. గుడ్డ ఎలుకలు లాక్కొచ్చి ఉంటాయి. ముద్రలు నీ వేళ్లవే అయి ఉంటాయి.

గొట్టం వంచి స్ప్రింగు ఎక్కించాక మడత నోటి దగ్గర వేళ్లు పెట్టొద్దు. కాగితం ఉండ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకో, వదలొద్దు. ఈ ఒక్కటి మరవొద్దు.

తుపాకి పంపు. కోతుల కోసం పటాకులు కొనుక్కో.

గుడ్డకు అంచు ఉందా? ఉంటే ఏ రంగు?

బాబు

---

ఖిల్లా ఘణపూర్,
5 జనవరి 2025.

బాబు మియాకు,

నీ ఉత్తరం దవాఖాన చీటీలా ఉంది. ఎలుకలు నాలుగు మడతలు వేస్తాయా? చదివి కోపం వచ్చింది, మూడు వారాలు జవాబు రాయలేదు. నీకు రాయకపోతే ఎవరికి రాస్తాను, అందుకే మళ్లీ కూర్చున్నాను.

అంచు ఉంది. ఆవపువ్వు రంగు పట్టు అంచు. మొన్నటి పేలికకు కనబడింది.

తుపాకి పేల్చడం మానేశాను. చిత్రమేమిటంటే, గుడ్డ పెట్టి ఉన్నంతసేపు కోతులు చేనులోకి దిగడం లేదు. గుట్ట మీది బండల వరసన కూర్చుని గుడిసె వైపు చూస్తున్నాయి. అరవవు, గీరుకోవు, పిల్లలు కూడా తల్లుల పొట్ట పట్టుకుని అలాగే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం, గాలి లేనప్పుడు, ఒక్కసారిగా అన్నీ తలలు తిప్పి నా వెనక్కి చూస్తాయి. నేను తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అప్పుడు టక్ మని వినబడుతుంది. గొట్టం తెరుచుకునే చప్పుడు.

ఆమె ఎందుకొస్తోందో నాకు తెలిసింది. నీకు చెప్పుకుంటే మనసు తేలికవుతుంది, విను. పదకొండేళ్ల కింద, గట్టు ఊరి దగ్గరి జాతర, మూడో రోజు సాయంత్రం. ఒకడు తుపాకి అడిగితే నేను ఇదే తుపాకి గొట్టం వంచి స్ప్రింగు ఎక్కించి ఇవ్వబోయాను. వాడు సర్కస్ వైపు పోయాడు. నేను తెరిచిన తుపాకిని అలాగే బల్ల మీద పెట్టి చాయ్ తాగడానికి పోయాను. స్ప్రింగు ఎక్కించి వదిలేశాను మియా. ఈదమ్మ దుకాణం సర్దుతూ గుడ్డ కుక్కడానికి వేళ్లు లోపల పెట్టింది. గొట్టం పైకి లేచి కొట్టుకుంది. చాయ్ గ్లాసుతో వచ్చేసరికి ఆమె చెయ్యి గుడ్డలో చుట్టుకుని నిలబడి ఉంది. నువ్వే జీపులో దవాఖానకు తీసుకుపోయావు.

తప్పు నాది అని అప్పుడే అందరి ముందు చెప్పాను. ఆమె ఒక్క మాట అనలేదు. తర్వాత పదేళ్లు మూడు వేళ్లతో వండింది, కలుపు తీసింది, నాకు తలంటింది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. తిడితే నేను ఏడ్చి ఊరుకునేవాడిని. తిట్టకుండానే పోయింది. ఇప్పుడు రోజూ తుపాకి తెరిచి చూపిస్తోంది. చూడు, నువ్వు వదిలేసింది ఇలాగే అని. అన్నం సయించడం లేదు. "నాయనా, జర తిను" అని సరిత కంచం పట్టుకుని గుడిసె చుట్టూ తిరుగుతోంది.

ఒకసారి వచ్చిపో. నువ్వు మాట్లాడితే వింటాను, నేను మాట్లాడేది నీకు రాసి చూపిస్తాను.

కురుమయ్య

---

గద్వాల,
16 జనవరి 2025.

కురుమన్నా,

మోకాళ్ల నొప్పి. రావడం కుదరదు. కుట్టు మిషన్లు పది రిపేరుకు వచ్చి పడి ఉన్నాయి, ఉవైస్ ఒక్కడితో అయ్యే పని కాదు.

నీకు రాసి రెండుసార్లు చింపేశాను. ఇది మూడోది. వదిన నిన్ను ఏమీ అనలేదంటే నీ మీద కోపం లేదనే. ఆమె నిన్ను అడగడానికి రావడం లేదు. నేను గట్టిగా చెబుతున్నాను, నమ్ము. ఎందుకని అడగొద్దు.

తుపాకిని బావిలో పడెయ్. నాకు పంపొద్దు, నువ్వూ ఉంచుకోవద్దు. రాయి కట్టి పడెయ్. ఈ మాట వింటే నేను నిశ్చింతగా ఉంటాను.

హసీనా "నువ్వు అన్నం ముందర కూర్చుని ఎవరితో మాట్లాడుతున్నవ్?" అని కాగితం మీద రాసి అడిగింది. నేను మాట్లాడుతున్నట్టు నాకే తెలియదు.

బాబు

---

ఖిల్లా ఘణపూర్,
10 ఫిబ్రవరి 2025.

మియా,

బావిలో పడేశాను. నువ్వు చెప్పినట్టే రాయి కట్టి, సరిత చూస్తుండగా పడేశాను. మూడో రోజు పొద్దున గుడిసెలో మంచం మీద ఉంది. కట్టిన తాడు పక్కన చుట్ట చుట్టి ఉంది. తుపాకి తడి లేదు. గుడ్డ మాత్రం తడిసి ఉంది.

ఇక దాచిపెట్టడం, పారేయడం వద్దనుకున్నాను. ఈ శుక్రవారానికి ఈదమ్మ పోయి ఏడాది. సమాధి దగ్గర అన్నం పెట్టి, పగలు పన్నెండు గంటలకు గుడిసెకు పోతాను. గుడ్డ తీసి, గొట్టం పూర్తిగా వంచి, స్ప్రింగు ఎక్కించి, ఆమె పెట్టినట్టే రెండు వేళ్లు లోపల పెడతాను. కోపం ఉంటే గొట్టం మూసుకుంటుంది, రెండు వేళ్లు ఇచ్చేస్తాను. అరవై ఆరేళ్లవాడికి అవి లేకపోతే మాత్రం ఏమైంది? మూసుకోకపోతే నన్ను వదిలిపెట్టిందని అర్థం చేసుకుంటాను. ఏదో ఒకటి తేలితే అన్నం తినగలను.

సరితకు చెప్పలేదు. నువ్వు కూడా రావద్దు. ఈ పార్సిల్‌లో పాత స్ప్రింగు ముక్క పెట్టాను, పనికొస్తే ఉంచుకో.

కురుమయ్య

---

గద్వాల,
14 ఫిబ్రవరి 2025, శుక్రవారం, పొద్దున ఏడు.

కురుమన్నా,

వేళ్లు పెట్టొద్దు. ముందు అది చదువు, తర్వాత మిగతాది చదువు. వేళ్లు పెట్టొద్దు.

నీ పార్సిల్ నిన్న దుకాణం కట్టేసే వేళకు వచ్చింది. షబే బరాత్ కదా, పోయినవాళ్లకు దువా చేసే రాత్రి అని విప్పకుండానే కబరస్తాన్‌కు పోయాను. నాన్న సమాధి దగ్గర చేతులెత్తితే ఒక్క దువా గుర్తు రాలేదు. పొద్దున నమాజు చేసి వచ్చి విప్పాను. సరిత ఫోన్ కలవడం లేదు, గుట్ట కింద సిగ్నల్ ఉండదు కదా. ఉవైస్‌ను బండి మీద పంపుతున్నాను. నేను కూడా ఎక్కుదామనుకున్నాను. నా మొహం చూస్తూ నువ్వు ఇది చదవడం నేను తట్టుకోలేను.

స్ప్రింగు ఎక్కించి తెరిచి పెట్టిన తుపాకి దానంతట అది మూసుకోదు. రోజంతా పెట్టినా మూసుకోదు. లోపల ట్రిగ్గర్ మీద ఒక కొక్కెం స్ప్రింగును పట్టి ఉంచుతుంది. ఆ కొక్కెం బాగుంటే నువ్వు చాయ్ తాగి, సర్కస్ చూసి, పడుకుని లేచి వచ్చినా ఏమీ అయ్యేది కాదు. ఆ కొక్కెం నేను పాడుచేశాను.

ఆ జాతరకు ముందు నువ్వు అన్నావు, "మియా, ట్రిగ్గర్ జర అల్కగ చెయ్. గురి కుదరకముందే పేలాలె" అని. బెలూన్లు తక్కువ పగిలితే మనకు లాభం కదా. నేను ఆకురాయితో కొక్కెం అరగదీశాను. రెండు గీతలు చాలు, మూడోది కూడా గీశాను. బిగించి చూస్తే పదిసార్లకు ఒకసారి జారుతోంది. కొత్త కొక్కెం హైదరాబాదు నుంచి రావాలంటే ఎనిమిది రోజులు. జాతర తెల్లారే. మూడు రోజులే కదా, గడిచిపోతాయిలే అనుకున్నాను.

అది కూడా పెద్ద మాట కాదు. ఇది విను. రెండో రోజు పొద్దున వదిన బెలూన్లు కడుతూ నన్ను పిలిచింది. "మరిదీ, గీ తుపాకి జారుతుంది. ఒకసారి సూడు" అంది. "ఏం గాదు వదినా, కొత్తగ బిగించిన గదా" అన్నాను. ఆమె నా మొహం చూసింది. మళ్లీ అడగలేదు. మర్నాడు సాయంత్రం వేళ్లు పోయాయి.

జీపులో ఆమె తల నా భుజం మీద ఉంది. అప్పుడు కూడా నా వైపు అలాగే చూసింది. నువ్వు వెనక కూర్చుని "తప్పు నాదే, నాదే" అని తల బాదుకుంటున్నావు. నేను కాదనలేదు. వదిన కూడా నోరు విప్పలేదు. మన ఇద్దరి దోస్తీ తెగిపోతుందని ఆమె, తెగిపోతుందని నేను.

ఆ ఆకుపచ్చ నూలు, ఆవపువ్వు పట్టు అంచు గద్వాల చీరది. వేళ్లు పోయిన ఆ నెలలోనే నేను తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. మగ్గం దగ్గరికి పోయి కొన్నాను. అది ఆమె ఒక్కసారి కట్టుకోగా నువ్వు చూశావా? దాన్ని చించి పేలికలు చేసిందని ఇప్పుడు నీకూ నాకూ తెలిసింది.

ఆమె నిన్ను అడగడానికి రావడం లేదు కురుమన్నా. నిన్ను కాపాడడానికి వస్తోంది. ఆ కొక్కెం ఇంకా అందులోనే ఉంది.

బాబు

---

ఖిల్లా ఘణపూర్,
21 ఫిబ్రవరి 2025.

బాబు మియాకు,

వేళ్లు ఉన్నాయి. ఉవైస్ చెప్పే ఉంటాడు. ఉవైస్‌కు తెలియనిది నేను రాస్తాను.

దారిలో బండి మొరాయించిందట, నీ కొడుకు వచ్చేసరికి పన్నెండు దాటి, నేను గొట్టం వంచి, వేళ్లు పెట్టి కూర్చున్నాను. "ఈదమ్మా, తీస్కోదల్సుకుంటే తీస్కో" అన్నాను. కోతులన్నీ బండల మీద లేచి నిలబడ్డాయి. చాలాసేపు ఏమీ కాలేదు, చెయ్యి తిమ్మిరెక్కింది. మూసుకోదులే, వదిలిపెట్టిందిలే అని ఏడుపొచ్చి, వేళ్లు ఇంకా లోపలికి పెట్టాను. ఎవరో నా మణికట్టు పట్టి గట్టిగా ఇవతలికి లాగారు. అదే క్షణంలో గొట్టం లేచి ధన్ మని కొట్టుకుంది. ఉవైస్ లాగాడనుకుని తిట్టబోయాను. ఉవైస్ అప్పటికి ఇంకా చేనుగట్టు మీద బండికి స్టాండు వేస్తున్నాడు. "కాకా! కాకా!" అని అరుస్తూ అక్కడి నుంచి పరిగెత్తాడు. నా మణికట్టు మీద నూనె మరకలు ఉన్నాయి. మూడు.

తర్వాత నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివి ఉవైస్‌కు అన్నం పెట్టించాను. వాడు పోయాక సమాధి దగ్గరికి పోయి కూర్చున్నాను.

పదకొండేళ్లు మియా. ప్రతి దసరాకు మా ఇంట్లో తిన్నావు. ఆ మూడు వేళ్లతో ఆమె నీ కంచంలో వడ్డించింది, "మరిదికి ఇంకొంచెం ఏస్త" అంది. ముద్ద ఎలా దిగింది నీకు? నేను రాత్రిళ్లు లేచి ఏడ్చిన సంగతి నీకొక్కడికే చెప్పుకున్నాను. భుజం తట్టావు. నీ చెవులు పోవడమే మంచిదయింది, ఇప్పుడు నేను తిట్టే తిట్లు వినలేవు.

అల్కగ చెయ్యమన్నది నేనే. నేను మరిచిపోలేదు. ఎక్కించి వదిలేసింది కూడా నేనే. అందుకే నిన్ను పూర్తిగా తిట్టడానికి నాకు నోరు రావడం లేదు, అది ఇంకా మంట. నువ్వు ఆ చీర తెచ్చిన రోజు ఆమె, "ఇది నేను కట్టుకునేది గాదు" అంది. మరిది అంత ప్రేమగా తెస్తే ఎగ్గొడతావా అని నేను కసిరాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పుడు అర్థమై ఏం లాభం!

తుపాకి పంపుతున్నాను. తిరిగి పంపొద్దు. నేను రాసేదాకా నువ్వు రాయొద్దు.

అన్నం మాత్రం తింటున్నాను. సరిత అది రాయమంది.

కురుమయ్య

---

గద్వాల,
8 మార్చి 2025.

కురుమన్నా,

రాయొద్దన్నావు. రాయక తప్పలేదు. చదవకుండా పొయ్యిలో పెట్టినా సరే.

తుపాకి వచ్చిన రోజే మొత్తం విప్పాను. కొక్కెం తీశాను. నా ఆకురాయి గీతలు మూడూ అలాగే ఉన్నాయి, పదకొండేళ్ల అరుగుదల వాటిని చెరిపెయ్యలేదు. స్ప్రింగు తీసి గోడకు వేలాడదీశాను. దిమ్మె, వాచరు, ట్రిగ్గర్ అన్నీ విడివిడిగా పాత పేపరు మీద పరిచాను. మిగిలిన ఉత్త గొట్టం, దాన్ని మోసే కట్టె మాత్రం బల్ల మీద మూసి పెట్టాను. ప్రాణం పోయిన తుపాకి అది. కొత్త కొక్కెం చేయడానికి కూర్చున్నాను. ఎవరి కోసమో తెలియదు, చేయాలనిపించింది. రెండు వారాలు పట్టింది. నీ దగ్గర రోజూ కనబడిన గుడ్డ నా దగ్గర ఒక్కరోజు కూడా కనబడలేదు. నన్ను చూడడానికి కూడా ఆమెకు ఇష్టం లేదనుకున్నాను. అది నీ తిట్లకంటే ఎక్కువ బాధ పెట్టింది.

నిన్న జుమ్మా నమాజు నుంచి వచ్చాను. రంజాన్ కదా, ఉపవాసం మీద ఉన్నాను, ఉవైస్ ఇంకా మసీదు దగ్గరే ఉన్నాడు. వీధిలో ఎండ, ఎవరూ లేరు. నేను తలుపు వైపు వీపు పెట్టి కొక్కెం అంచును సాన పెడుతున్నాను. టక్ మంది.

ఆరేళ్లయింది కురుమన్నా నాకు చప్పుడు వినబడక. మనవరాలి ఏడుపు వినలేదు, అజాన్ వినలేదు. ఆ టక్ విన్నాను. గొట్టం తెరుచుకునే చప్పుడు. చేతిలోని ఆకురాయి పడింది, పడిన చప్పుడు మాత్రం వినబడలేదు.

తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. కొబ్బరినూనె, ఆకు వక్కల వాసన వచ్చింది. నా వెనక ఎవరో నిలబడి, ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగినట్టు అనిపించింది. అడిగిందేమిటో నాకు తెలుసు. బెలూన్లు కడుతూ అడిగింది. అప్పుడు నేను చెప్పిన జవాబు కూడా తెలుసు.

"వదినా, నువ్వు సెప్పింది నిజమే. తుపాకి జారుతుండె. నాకు ఎరికే. ఎరికయ్యే ఏం గాదన్న" అన్నాను.

నా గొంతు నాకు వినబడింది. ఆరేళ్ల తర్వాత, ముసలి గొంతు, నాది అని గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టాక బల్ల మీద తల పెట్టి పిల్లవాడిలా ఏడ్చాను. ఏడుపు వినబడలేదు. మళ్లీ ఏదీ వినబడడం లేదు.

తల ఎత్తి చూస్తే గొట్టం సగం మడిచి ఉంది. నోట్లో గుడ్డ, నాలుగు మడతలు. విప్పాను. ఒక మూలన నీలం సిరాతో కొట్టిన ముద్ర ఉంది. నేత దగ్గర చీర చివరి కొసకు వేసే ముద్ర, ఈ ఊళ్లో పుట్టిన వాడిని కాబట్టి నాకు తెలుసు. ఆ తర్వాత చీర ఉండదు. అదే చివరి ముక్క.

ఆ ముక్క ఈ ఉత్తరంలో పెట్టాను. నీకు మనసొప్పితే ఆమె దగ్గర పెట్టిరా. ఒప్పకపోతే వచ్చే బస్సుకు తిరిగి పంపు, నేనే తీసుకుని వస్తాను.

నీ
బాబు